నూట ముప్పై ఎనిమిది

కోకాపేట సర్వీసు రోడ్డు మీద, రాత్రి రెండున్నరకి,
సైకిలు వెనక స్టీలు క్యాను కట్టుకుని
టీ అమ్మే కుర్రాడి చుట్టూ
మేం నలుగురం పోట్లాడుకుంటున్నాం.
చెవుల్లో ఇంకా ఈల మోగుతోంది,
అందుకే ఈ అరుపులు.

"నిమిషానికి నూట ముప్పై ఎనిమిది దెబ్బలు.
ఒక్కటి తగ్గినా అది ట్రాన్స్ కాదు" అంటాడు ఎడ్విన్.
బొల్లారం చర్చిలో వాళ్ల తాత ఆర్గన్ వాయించేవాడు,
లెక్క తప్పడం వాళ్లింట్లో పాపం.
"నూట ఇరవై ఎనిమిదికి దిగిందంటే
పబ్బు వాడి బిల్లు కోసం దిగినట్టే."

ఖదీర్‌కి ట్రాన్స్ అంటేనే చక్కెర పాకం.
వాడికి టెక్నో కావాలి. పాట ఉండొద్దు, మాట ఉండొద్దు,
బాలానగర్‌లో వాళ్ల నాయన పనిచేసిన లేత్ షెడ్డులాగ
ఇనుము ఇనుముతోనే మాట్లాడుకోవాలి.
"చేతులు పైకెత్తమని చెప్పేది
సంగీతం కాదు భాయ్, డ్రిల్లు మాస్టరు."

మానస్వి ఏమీ అనదు. ఉస్మానియా బిస్కెట్టు ముంచుతుంది.
సగం విరిగి టీలో పడేదాకా ఆగడం ఆమె అలవాటు.

నా వంతు వచ్చింది. ఆ పాట సంగతి ఎత్తాను.
ఏడేళ్ల కింద, సైనిక్‌పురిలో ఒక మేడ మీద
నీళ్ల ట్యాంకు పక్కన నలభై మందిమి విన్న పాట.
డ్రాప్ పడేముందు పదహారు బీట్ల నిశ్శబ్దం.
ఆ నిశ్శబ్దంలో కింద వీధిలో ఎవరో
గేటుకి గొళ్లెం పెట్టిన చప్పుడు కూడా నాకు గుర్తే.

మొన్న నిమజ్జనం నాడు
మొజంజాహీ మార్కెట్ దగ్గర, లారీ మీద, అదే పాట!
కింద తీన్‌మార్ అతికించారు,
నిశ్శబ్దాన్ని కత్తిరించి పారేశారు,
అది ఉండాల్సిన చోట ఎవడిదో గొంతు:
"వెనకున్నోళ్లు, చెయ్యెత్తుర్రి!"
గులాల్ పూసుకున్న పదేళ్ల పిల్లగాడు
ప్రతి మలుపూ ముందే తెలిసినట్టు ఎగురుతున్నాడు.
నా డైరీ చించి
మిర్చి బజ్జీలు కట్టిచ్చినట్టయింది.

"నువ్వు ప్రేమించింది పాటనా,
నలభైనా?"
అంది మానస్వి, కప్పులోంచి తల ఎత్తకుండానే.

రింగు రోడ్డు మీద సిమెంటు ట్యాంకరు ఒకటి
తిరుగుతూ తిరుగుతూ పోయింది.

నేను జవాబు చెప్పలేదు.
ఇంకొకటి కూడా చెప్పలేదు.
సైనిక్‌పురి మేడకి రెండేళ్ల ముందు
కూకట్‌పల్లి మాల్‌లో, అక్క పెళ్లికి బూట్లు కొంటూ,
ఒక కాలికి ఎనిమిది, ఒక కాలికి తొమ్మిది తొడుక్కుని
సీలింగు స్పీకర్లో మొదటిసారి ఈ సంగీతం విన్నాను.
ఆ పాట వేరే. ఊరంతా విని విసిగిపోయిన పాట,
సబ్బు ప్రకటనకి కూడా వాడేసిన పాట.
నాకు మాత్రం వెన్నులో ఎవరో లైటు వేశారు.
"నడిచి చూడండి సార్" అన్నాడు సేల్స్‌మన్.
ఎగుడుదిగుడుగా నడిచాను.
ఇప్పటికీ ఆ నడకే.

ఎడ్విన్‌కీ ఒక బూట్ల కొట్టు ఉండే ఉంటుంది.
ఖదీర్‌కీ. అడిగితే చెప్పరు.
అందరం సింహద్వారంలోంచి జనంతో తోసుకుంటూ వచ్చి
దొడ్డిగుమ్మం మాకే తెలుసన్నట్టు
చెప్పుకుంటున్నవాళ్లమే.

టీ కుర్రాడికి ఒక చెవిలో ఇయర్‌ఫోను.
"ఏం వింటున్నవ్ తమ్మీ?" అన్నాడు ఖదీర్.
"డీజే అన్నా."
"డీజే అంటే మనిషిరా, సంగీతం కాదు!"
ఎడ్విన్ మళ్లీ మొదలుపెట్టాడు.
కుర్రాడు ఓపిగ్గా విన్నాడు,
వింటూనే క్యాను మూత బిగించాడు,
స్టాండు తీశాడు.

"నాలుగు టీలు. నలభై."
మానస్వి నన్ను చూసింది.
"బిస్కెట్టు అయిదు, అది వేరే."